లోపలి గదిలో మూడో మనిషి

పోయిన వారం మీరు నన్ను వదిలిన చోటే ఉన్నాను. వీధిలో చివరి ఇల్లు, మూసిన తలుపు, చంకలో అట్ట, చేతిలో పెన్ను.

కొత్తగా చదివేవాళ్ళకు నాలుగు ముక్కలు. మాది లెక్కల ఆఫీసు. దేశంలో ఎవరు పని చేస్తున్నారు, ఎవరు ఖాళీగా ఉన్నారు, చేసేవాళ్ళు ఎన్ని గంటలు, ఎలాంటి చోట చేస్తున్నారు అని ఇంటింటికీ తిరిగి అడిగి రాస్తాం. ఈ వీధిలో పదహారు ఇళ్ళు మా జాబితాలో పడ్డాయి. మూడు నెలలకోసారి చొప్పున ఒక్కో ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాలి. మొదటి మూడుసార్లూ నేనే వెళ్ళాను. పదహారు ఇళ్ళలో కలిపి పని చేసే ఆడవాళ్ళు ముగ్గురని రాశాను. నాలుగోసారి కొత్తగా చేరిన అమ్మాయి వెళ్ళింది. ఇరవై ఇద్దరని రాసుకొచ్చింది.

మా సూపర్‌వైజర్ పెన్నుతో ఏదీ రాయడు, రేపు చెరపాల్సి వస్తుందేమోనని. అందుకే ఆఫీసులో ఆయన పేరు పెన్సిల్. ఆ అమ్మాయి కాగితాలు చూసి, "గుడ్డెద్దు చేలో పడ్డట్టుంది ఈ పిల్ల వ్యవహారం. ఇంట్లో కూర్చుని నింపేసి ఉంటుంది," అన్నాడు. "ఐదు ఇళ్ళు మళ్ళీ చూసి రండి. ఒక్క ఇల్లు తప్పని తేలితే చాలు. ఆ పిల్లని పంపించేసి పాత లెక్కే ఉంచేద్దాం."

తిరిగి చూసే పని నాకే ఇచ్చాడు. నా లెక్క తప్పని నా చేత్తో నేను రాయనని ఆయన ధీమా.

నాలుగు ఇళ్ళు చూశాను. నాలుగూ ఆ పిల్ల రాసినట్టే ఉన్నాయి. ఐదోది ఇది. పెన్సిల్ సందు మొదట్లో ఆఫీసు బండిలో కూర్చుని ఉన్నాడు. ఉదయం పదకొండు గంటలు.

తలుపు కోడలు తీసింది. ముప్పై ఏళ్ళుంటాయి. కుడిచేతి వేళ్ళ మధ్య కుంచె అలాగే ఉంది.

"రండి, కూర్చోండి బావగారూ," అంది.

వెనకనుంచి అత్తగారు గట్టిగా గొంతు సవరించుకుంది. కోడలు నాలుక కరుచుకుని, "సార్," అని దిద్దుకుంది.

ఈ వీధిలో నన్ను సార్ అంటారు. లెక్కలాయన అంటారు. నేను సందు తిరిగాక ఇంకేదో అంటారు. బావగారని ఎవరూ అనలేదు. విన్నాను, ఊరుకున్నాను. మా పనిలో అదే అలవాటు. గడిలో పట్టనిదాన్ని వదిలేస్తాం.

గది చిన్నది. కిటికీ మూసి ఉంది. గోడవారగా బూట్ల పైతోళ్ళు కట్టలుగా పేర్చి ఉన్నాయి. నేల మీద పరిచిన గోనెసంచి మీద జిగురు డబ్బా, అతికించిన ముక్కల మీద బరువుకి రెండు ఇటుకలు. కూర్చున్న నిమిషానికే జిగురు వాసనకి నా కణతలు పట్టుకున్నాయి. లోపలికి ఇంకో గది ఉంది. దాని తలుపు దగ్గరగా వేసి ఉంది.

"ఇంట్లో ఎంతమందమ్మా?" అన్నాను.

పెద్దావిడకు అరవై దాటాయి. జిగురు పూస్తూనే ఉంది. "ఆ పిల్ల రాసుకెళ్ళిందిగా నాయనా. మీ ఆఫీసులో ఒకరి రాత ఒకరికి అర్థం కాదా?"

"మళ్ళీ అడగాలి."

"అడుగు. మూడుసార్లు వచ్చి గుమ్మంలోనే నిలబడి మా వాణ్ణి అడిగి పోయావు. ఇవాళ గడప దాటావు. వాన పడుతుందేమో చూడవే," అంది కోడలితో.

ఆమె అన్నది నిజం. మా పుస్తకంలో ప్రశ్న పెద్దది. గత ఏడు రోజుల్లో, ఇంట్లోనైనా బయటైనా, ఒక్క గంటైనా, డబ్బు వచ్చే పని ఏదైనా చేశారా అని ఒక్కొక్క మనిషినీ విడిగా అడగాలి. రోజుకు ఎనిమిది ఇళ్ళు తిరగాల్సినవాడు అంత ప్రశ్న చదవడు. గుమ్మంలో మగవాడు కనబడగానే, "మీ ఆడవాళ్ళు ఉద్యోగాలేమైనా చేస్తున్నారా?" అని అడిగేవాణ్ణి. "లేదండీ," అనేవాడు. రెండు నిమిషాల్లో ఇల్లు అయిపోయేది. ఆ పిల్ల ప్రశ్న మొత్తం చదివింది. ఎవరిని అడగాలో వాళ్ళనే అడిగింది. మూడుకీ ఇరవై రెండుకీ మధ్య ఉన్నది అంతే.

"పని రోజుకు ఎన్ని గంటలు?" అన్నాను.

"మా ఇంట్లో గడియారం మా వాడి చేతికుంటుంది. అది వాడితోపాటే కాపలా ఉద్యోగానికి పోతుంది," అంది పెద్దావిడ. "మాకు ఈ డబ్బాయే గడియారం. పొద్దున మూత తీస్తాం. అడుగు కనబడితే పొద్దుపోయినట్టు."

పది గంటలని రాశాను. ఆ పిల్ల కాగితంలోనూ పదే ఉంది.

"గదిలోకి గాలి వచ్చే ఏర్పాటు?"

"కిటికీ ఉందిగా."

"మూసి ఉంది."

"తీస్తే దుమ్ము పడుతుంది సార్," అంది కోడలు. "దుమ్ము పడితే జిగురు పట్టదు. పట్టకపోతే పని తెచ్చిచ్చే మేస్త్రీ జతకి జత మొహాన కొడతాడు."

"చేతులకు తొడుగులిచ్చారా? తలనొప్పి, దగ్గు లాంటివేమైనా..."

"దగ్గు లేనివాళ్ళు ఈ వీధిలో చంటిపిల్లలే నాయనా. వాళ్ళకీ రేపో మాపో వస్తుంది. రాసుకో."

రాసుకున్నాను. అప్పటికి పని చేసే ఆడవాళ్ళు ఇద్దరయ్యారు. కాగితంలో ముగ్గురున్నారు. తిరిగి చూసే కాగితాల్లో పేర్లుండవు, వరుస నంబరు మాత్రం ఉంటుంది. మూడో నంబరు: ఆడ, ఇరవై మూడేళ్ళు, బంధువు, బూట్ల పని.

"మూడో మనిషి ఏది?"

"బజారుకెళ్ళింది," అంది కోడలు.

"ఊరెళ్ళింది," అంది అత్తగారు.

రెండు జవాబులూ ఒక్కసారే వచ్చాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బజారుకో ఊరికో మీరిద్దరూ తేల్చుకోండి," అన్నాను. "నాకు మాత్రం మనిషి కనబడాలి. కనబడకపోతే ఈ కాగితం తప్పని రాస్తాను. అప్పుడు ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. మీరంతా మళ్ళీ ముగ్గురవుతారు."

"తెలుసు," అంది కోడలు. "ఆ అమ్మాయి నిన్న వచ్చి ఏడ్చి వెళ్ళింది."

"ఆ మూడో ఆవిడ ఇక్కడే తిని ఇక్కడే పడుకుంటుందా?"

"మధ్యాహ్నం మాతోనే తింటుంది."

"రాత్రి?"

కోడలు కుంచె డబ్బాలో పెట్టింది.

"అయితే ఈ ఇంటి మనిషి కాదు. ఒక పూట తిన్నంతమాత్రాన ఇంటి మనుషుల్లో కలపం."

కొత్తవాళ్ళు మాత్రమే చేసే తప్పు ఇది. గదిలో ముగ్గురు కూర్చుని పని చేస్తుంటే ముగ్గుర్నీ రాసేసింది. పని ఎక్కడ చేసినా మనిషిని లెక్కపెట్టేది ఆ మనిషి సొంతింట్లో. ఆ మాటే పెద్దావిడతో చెప్పాను.

"వాళ్ళింట్లో లెక్కపెట్టారా మరి?" అంది.

"పెట్టే ఉంటారు."

"ఎవర్ని అడిగి పెట్టారు?"

జవాబు నాకు తెలుసు. కోడలి వైపు తిరిగాను. "ఇందాక బావగారన్నావు. నేను నీకు బావనెలా అయ్యానమ్మా?"

ఆమె అత్తగారి వైపు చూసింది.

"చెప్పెయ్యవే," అంది పెద్దావిడ. "దాచమన్న మనిషే పోయింది. ఇంక ఎవరి కోసం?"

"అక్క భర్తని బావగారనే కదండీ అంటారు."

"ఏ అక్క?"

"మీ ఆవిడ."

మా ఆవిడ పోయి ఆరు నెలలు. ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. ఆమెకు ఈ వీధితో చుట్టరికం లేదు. ఈ వీధి ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదనుకున్నాను.

"ఐదేళ్ళు వచ్చింది," అంది కోడలు. "మీరు ఆఫీసుకి బయల్దేరాక వచ్చేది, నాలుగింటికి వెళ్ళిపోయేది. ఇదిగో, ఈ గోడ పక్కన కూర్చునేది. మా అందరికంటే చెయ్యి తొందర. మీ ఆఫీసు బండి సందు మొదట్లో ఆగిందని ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి చెప్పేవాళ్ళు. అక్క ఆ లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది."

నేను ఆ తలుపు వైపు చూశాను. మామూలు తలుపే. కింద నాలుగు వేళ్ళ సందు ఉంది.

"ఎందుకు?" అన్నాను.

"మా ఇంట్లో ఆడవాళ్ళు పని చెయ్యాల్సిన ఖర్మేమిటని ఆయన నలుగురిలో అంటాడు, ఆయన మాట ఎందుకు పోవాలి అనేది."

అన్నాను. చాలాసార్లు అన్నాను. ఆఫీసులో టీ తాగుతూ కూడా అన్నాను.

ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు. తిమ్మిరెక్కిన కాలు మీద ఎవరో తొక్కినట్టుంది. తొక్కుతున్నారని కంటికి కనబడుతోంది, అంతే. మా ఆవిడ సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని వేళ్ళ కొసలు గిల్లుకునేది. పల్చగా పొరలు లేచి వచ్చేవి. ఏమిటంటే చర్మం లేస్తోందండీ అంది. మందుల షాపులో అడిగి పూతమందు తెచ్చిచ్చాను. రెండు గొట్టాలు అయ్యేదాకా నా ఎదుటే రోజూ రాసుకుంది. ఆ పొరలు జిగురువి. ఇప్పుడు కోడలి వేళ్ళ మీద అవే ఉన్నాయి.

"నువ్వు రెండోసారి వచ్చిన రోజు గుర్తుందా?" అంది పెద్దావిడ. "మా వాణ్ణి గుమ్మంలో ఏదో అడుగుతున్నావు. లోపల దానికి దగ్గొచ్చింది. నోట్లో కొంగు కుక్కుకున్నా ఆగలేదు. నువ్వు తలెత్తి, ఎవరికో బాగాలేనట్టుందే అన్నావు. మా చుట్టం అన్నాను నేను."

గుర్తుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళను లెక్కలో కలపం. కలపలేదు. ఇరవై ఆరేళ్ళు ఒక ఇంట్లో ఉన్న మనిషి దగ్గు నాకు తెలియలేదు.

ఆ తర్వాత నెల తిరగకుండానే ఆసుపత్రిలో చేర్చాం. మంచం పక్కన నిలబడి డాక్టరు అడిగాడు. "ఏం పని చేస్తారమ్మా మీరు?" అని ఆమెనే అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపల నేనే చెప్పాను. "ఏ పనీ లేదండీ, ఇంట్లోనే ఉంటుంది." డాక్టరు రాసుకున్నాడు. మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఏ మందులిచ్చారో, ఇంకేవి ఇచ్చి ఉండేవారో నాకు తెలియదు. తెలుసుకోవడానికి వెళ్ళను కూడా. ఆయన తప్పేమీ లేదు. ఆయన మంచం మీది మనిషినే అడిగాడు.

"నీ ఇంట్లో ఇప్పుడు ఎంతమంది నాయనా?" అంది పెద్దావిడ. చేతిలో పైతోలు పక్కన పెట్టి నావైపు పూర్తిగా తిరిగింది.

"ఇద్దరం. నేనూ, కూతురూ."

"కూతురికి ఎన్నేళ్ళు?"

"ఇరవై మూడు."

"ఏం చేస్తుంది?"

"కంప్యూటర్ క్లాసుకి వెళ్తుంది. పొద్దున పోయి సాయంత్రం వస్తుంది."

"నీ కూతురు చెప్పిందా, నువ్వే రాసుకున్నావా?"

నేను మళ్ళీ కాగితం చూశాను. మూడో నంబరు. ఆడ. ఇరవై మూడేళ్ళు.

మూడోసారి నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికి మా ఆవిడ పోయి రెండు నెలలు. ఆ రోజు ఈ కోడలు గుమ్మంలోంచి నన్ను చూసి గబగబా లోపలికి వెళ్ళడం కూడా గుర్తొచ్చింది. పోయిన మనిషిని దాచరు కదా.

"లోపల ఎవరున్నారు?" అన్నాను.

జవాబుగా తలుపే తెరుచుకుంది.

మా అమ్మాయి గుమ్మంలో నిలబడింది. పొద్దున నేను చూసిన బట్టలే. కుడిచెయ్యి మణికట్టు దాకా నల్లగా ఉంది. అది చెయ్యి వెనక్కి పెట్టుకోలేదు.

"పిన్నిని, అమ్మమ్మని ఏమీ అనకండి నాన్నా," అంది. "చెప్పొద్దని నేనే అన్నాను."

"క్లాసు?"

"అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడే మానేశాను. వారం రాకపోతే మేస్త్రీ ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అమ్మ తిరిగొచ్చి అడుగుతుందని నేను కూర్చున్నాను. అమ్మ రాలేదు. నేను లేవలేదు."

"డాక్టరు అడిగినప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు."

"ఉన్నాను. మీరు చెప్పేశాక నేను నోరు తెరిచాను. అమ్మ నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. చివరిదాకా మీ మాటే నిలబెట్టింది."

అది ఏడవలేదు. నేనూ ఏడవలేదు. కోడలు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దావిడ ఆమెను కసిరింది. "నువ్వెందుకే మధ్యలో? ఆ జిగురు ఎండిపోతోంది చూడు."

నేను పెన్ను మూత తీశాను. ఏదో ఒక పని చెయ్యాలి. చేతికొచ్చిన పని అదొక్కటే.

"నువ్వు ఈ ఇంటి మనిషివి కావు. ఈ వరుస కొట్టెయ్యాలి. కొట్టేస్తే కాగితం తప్పవుతుంది."

"కొట్టెయ్యక్కర్లేదు," అంది.

"నువ్వు ఉండేది మనింట్లో."

"ఆరు నెలలకు తగ్గకుండా ఉందామని వచ్చినవాళ్ళు, వచ్చిన రోజునుంచే ఆ ఇంటి మనుషులు. ప్రమోషన్ పరీక్షకి మీ పుస్తకం పట్టుకుని మీచేత ఒప్పజెప్పించింది నేనే కదా. మూడుసార్లు తప్పు చెప్పారు ఆ రూలు." లోపలి గది వైపు తల తిప్పింది. "మీరు స్నానానికి వెళ్ళినప్పుడు నా బట్టలు సర్దుకుని వచ్చేశాను. ఇక్కడే ఉంటాను."

తలుపు సందులోంచి కనబడింది. నా ఆఫీసు పర్యటనలకు వాడే తోలు సంచి. జిప్పు సగమే పడింది.

"ఆ పిల్ల ఉద్యోగం కోసమా?"

"ఆ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, ప్రశ్న మొత్తం చదివి, నేను చెప్పేదాకా ఆగింది నాన్నా. ఇంతవరకు నన్ను ఎవరూ అలా అడగలేదు. ఆమె రాసింది తప్పని ఎవరూ అనకూడదు. అందుకు కొంత. మిగతాది మీకు తెలుసు."

కాగితం మీద తేదీ పోయిన నెలది. రూలు ప్రకారం పోయిన నెల అమ్మాయి నా ఇంటి మనిషే. తేదీ చూపిస్తే వరుస కొట్టెయ్యొచ్చు. కొట్టేస్తే కొత్తమ్మాయి పోతుంది, ఈ వీధిలో పందొమ్మిది మంది ఆడవాళ్ళు మళ్ళీ ఖాళీగా కూర్చుంటారు, నా మూడు లెక్కలూ నిలబడతాయి. అమ్మాయిని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళొచ్చు. రూలు నా పక్షానే ఉంది. కొట్టెయ్యకపోతే నా చేత్తో నా కూతుర్ని ఇంకో ఇంటి లెక్కలో వేసినట్టు. నా ఇంట్లో మిగిలేది ఒక నంబరు.

పెన్ను కొస వరుస మీద పెట్టాను. గీత గియ్యలేదు. తియ్యలేదు.

"ఏమయ్యా, ఒక్క ఇంటికి ఇంతసేపా?"

పెన్సిల్ గుమ్మంలో ఉన్నాడు. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కట్టలన్నీ చూశాడు, ఆడవాళ్ళను ఒక్కొక్కరినే చూశాడు. మా అమ్మాయి దగ్గర ఆగాడు. మా ఆవిడ పోయిన రోజు మా ఇంటికి వచ్చినప్పుడు ఆయనకు మంచినీళ్ళిచ్చింది ఇదే.

"నిన్నెక్కడో చూశానమ్మాయ్," అన్నాడు.

అమ్మాయి ఆయన వైపే చూసింది.

ఆయన నా భుజం మీంచి వంగి కాగితం చూశాడు. వేలు మూడో వరుస మీద పెట్టాడు. మొహం విప్పారింది. "దొరికింది కదా! నేను చెప్పలేదూ? ఎక్కడో ఒకచోట దొరుకుతుందని." చెవి మీది పెన్సిల్ తీశాడు. "ఇప్పుడే తేల్చెయ్యండి, నేనిక్కడే సంతకం పెట్టేస్తాను. ఈ అమ్మాయి ఈ ఇంటి మనిషేనా, కాదా?"

మా అమ్మాయి జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.

"నువ్వాగమ్మా," అన్నాడు పెన్సిల్. "ఆయన్ని చెప్పనీ."